బామ్మర్ది చేతిలో తాడు

అచ్చంపేట,
5 ఫిబ్రవరి 2025.

తమ్ముడు పరమేష్‌కు,

మీ అక్క నాగరాణి దీవెనలు. ఇక్కడ నేను క్షేమం. అక్కడ నువ్వు, మీ బావ, బిక్షమ్మ అవ్వ, మన నల్లకుక్కతో సహా అందరూ క్షేమమని తలుస్తాను. మన మోదుగపెంటలో చెట్టెక్కినా ఫోను పలకదు కదా, అందుకే ఆశ్రమ పాఠశాలలో నేర్చుకున్న అక్షరాలను మళ్లీ పనిలో పెట్టాల్సి వచ్చింది. బేస్తవారం బేస్తవారం రేషన్ తెచ్చే జీపు కాటమయ్య చేతికి ఈ ఉత్తరం ఇస్తున్నాను. ఆయన బియ్యం దించేలోపు జవాబు రాసి ఇవ్వు. నీకు బద్ధకమని తెలుసు. నాలుగు ముక్కలైనా రాయి.

ఉద్యోగంలో చేరాను. ఆఫీసులో నన్ను మేడం అంటున్నారు, నవ్వకు. నా పని ఏమిటంటే, చెంచు పెంటలకూ (వీళ్లు గూడేలు అంటారు) అధికారులకూ మధ్య మాట మోయడం. వాళ్లు చెప్పింది మీకు చెప్పాలి, మీరు చెప్పింది వాళ్లకు చెప్పాలి. ఇద్దరికీ కోపం రాకుండా ఎట్లా చెప్పాలో మాత్రం ఎవరూ నేర్పలేదు.

అసలు సంగతి విను. సర్కారు మనతో కూర్చొని ఒక ఒప్పందం రాసుకుంటానంటోంది. పెంట చుట్టూ అడవి, తేనె గుట్టలు, ఇప్పచెట్లు, ఇవన్నీ ఇకనుంచి పెంట సభ చూసుకుంటుంది. సభను అడగకుండా ఎవరూ ఏమీ చేయరు. అంతేకాదు, వెనుకట మన గుడిసెలు పీకింది తప్పేనని పెద్దవాళ్లందరి ముందూ ఒప్పుకుంటారట. జిల్లా నుంచి వచ్చిన ప్రవీణ్ సార్ ఈ పనికి పెద్ద. మెత్తగా మాట్లాడతాడు. మెత్తగా మాట్లాడేవాళ్లంటే నాకు చిన్నప్పటి నుంచీ భయమే, అయినా ఈయన మంచివాడిలాగే ఉన్నాడు.

మనం తేనె దింపే గుట్టలను పటం మీద గుర్తు పెట్టాలి. అందుకోసం మార్చిలో కొలతల బృందం వస్తుంది. వాళ్ల దగ్గర పైన ఎగిరే డ్రోన్ ఉంటుంది. మీ బావ దిగే పెద్ద గుట్ట పటంలోకి ఎక్కకపోతే అది మనది కాకుండా పోతుంది. ఈ మాట ఆయనకు జాగ్రత్తగా చెప్పు. ఒక్కసారిగా మీద పోయకు.

నేను ఇక్కడ ఒక గది ఏడాదికి కిరాయికి తీసుకున్నాను. నెలనెలా మారడం కుదరదు. శివరాత్రికి తప్పకుండా వస్తాను.

బావ గుట్ట దిగినప్పుడు తాడు దగ్గర నుంచి కదలకు. బీడీ కోసమని కూడా లేవకు. నా ధ్యాసంతా అక్కడే ఉంటుంది.

మీ అక్క,
నాగరాణి


మోదుగపెంట,
13 ఫిబ్రవరి.

మేడం అక్కకు,

తమ్ముడు పరమేష్ దండాలు. కాటమయ్య బియ్యం దించుతున్నాడు, నేను మూట మీద కూర్చొని రాస్తున్నాను. అక్షరాలు వంకరగా ఉంటే తప్పు బియ్యానిది.

నీ ఉత్తరం పోయిన వారమే అందరినీ కూర్చోబెట్టి గట్టిగా చదివాను. బిక్షమ్మ అవ్వ చివరిదాకా విని, కొంగు తలమీదికి లాక్కుంది. "ఇంతకుముందు గూడ గిట్లనే పిలిచిండ్రు బిడ్డా," అంది. "చాపలు పరిచిండ్రు, చాయ్ పోసిండ్రు. మేం చాయ్ తాగి ఇంటికొచ్చేటాళ్లకు ఇండ్లు లెవ్వు. అప్పటిసంది చాయ్ వాసనొస్తె నాకు గుండె దడ దడ కొట్టుకుంటది." పిల్లలు కూడా ఆట ఆపి వచ్చి తల్లుల దగ్గర కూర్చున్నారు.

బావ మాత్రం ఒకటే అడిగాడు. "అంత మంచిగనే ఉన్నది. మేం కాదంటె ఏమైతది? అది రాసిందా మీ అక్క?"

రాయలేదన్నాను. "అడిగి రాయమను" అన్నాడు.

ఇంకో మాట. ఏడాదికి గది తీసుకున్నావని చదివినప్పుడు ఆయన ముఖం మారింది. నేను ఆ వాక్యం మింగేయాల్సింది, నోరు ఆగలేదు. "ఏడాదా?" అన్నాడు. మళ్లీ ఆ ఊసు ఎత్తలేదు. నిన్నటి నుంచి గుడిసె ముందు కూర్చొని కొత్త తాడుకు నార పేనుతున్నాడు. నేను పక్కన కూర్చుంటే కొస అందించేవాడు కదా, నిన్న అందించలేదు.

కుక్క బాగుంది. శివరాత్రికి రా. కాటమయ్య హారన్ కొడుతున్నాడు.

నీ తమ్ముడు,
పరమేష్


అచ్చంపేట,
19 ఫిబ్రవరి.

తమ్ముడికి,

కాటమయ్య నీ ఉత్తరం ఇచ్చి, "మీ ఆయన నన్ను చూసి మొకం తిప్పుకున్నడు" అని కూడా చెప్పాడు. నీ ఉత్తరం కన్నా ఆ మాటే ఎక్కువ గుచ్చుకుంది.

గది ఏడాదికి తీసుకున్నానంటే ఏడాదంతా ఇక్కడే పడి ఉంటానని కాదు. గది యజమాని అమృతమ్మ అట్లా అయితేనే ఇస్తానంది. ఆమెకు తాళం మీద ప్రేమ ఎక్కువ. ఈ సంగతి బావకు విడమరిచి చెప్పు.

ఆయన అడిగిన ప్రశ్న సంగతి. అది సార్‌ను అడగడానికి ఇంకా సమయం రాలేదు. ఇప్పుడే "కాదంటే ఏమవుతుంది" అని అడిగితే, వీళ్లు కాదనడానికే కూర్చున్నారని అనుకుంటారు. పని మొదట్లోనే చెడుతుంది. మంచిగా జరుగుతున్నప్పుడు ఆ మాట ఎందుకు? కాస్త ఓపిక పట్టమను.

ఆఫీసుకు గట్టి తాళ్లు వచ్చాయి. తేనె దింపేవాళ్లకు ఇవ్వమని పంపారు. నైలాన్ తాడు, నడుముకు కట్టుకునే పట్టీ, తలకు టోపీ. మొదటిది మా ఆయనకే కావాలని కొట్లాడి తెచ్చుకున్నాను. జీపులో పంపుతున్నాను. ఆ నార తాడుకు నేనెంత భయపడ్డానో నీకు తెలియదు. పెండ్లయిన ఏడాది ఆయన గుట్ట దిగినప్పుడు పైన నువ్వు బావా అని పిలుస్తుంటే, కింద నుంచి ఆయన పలికేదాకా నేను ఊపిరి తీసుకోలేదు. ఇకనైనా భయం లేకుండా ఉంటుందని ఈ తాడు.

శివరాత్రికి కలుద్దాం.

అక్క


మోదుగపెంట,
27 ఫిబ్రవరి.

అక్కా,

శివరాత్రికి వస్తానన్నావు. రాలేదు. బావ ఉపవాసంతో రోడ్డు దాకా నడిచి వెళ్లి, చీకటి పడేదాకా కూర్చొని వచ్చాడు. నేను వెళ్తానంటే వద్దన్నాడు.

నువ్వు పంపిన తాడు ఇంట్లో మూలన పడి ఉంది. ఆ తాడుతో ఎంత పని జరిగిందో చెప్తాను, జర ఓపికగా చదువు. మూట విప్పి చూపించగానే బావ చాలాసేపు ముట్టుకోలేదు. తర్వాత, "మీ అక్క తాడు పంపిందా?" అన్నాడు. అవునన్నాను, గట్టిది, తెగదట, భయం ఉండదట అన్నాను. "అంటె నువ్వు పట్టుకునే పనిలేదన్నట్టు," అన్నాడు.

నువ్వు పట్నం పోయి మన పద్ధతి మరిచిపోయావా? తాడు చెట్టుకు కడతాం, కట్టిన చెట్టును నమ్మం. తాడు దగ్గర పెండ్లాం తమ్ముడో అన్నో కూర్చుంటాడు. సొంత అన్నదమ్ముల్ని కూడా కూర్చోబెట్టరు. ఎందుకని చిన్నప్పుడు నువ్వే నాకు చెప్పావు. తన తోబుట్టువు ముండమోయాలని ఏ మగవాడూ కోరుకోడు, అందుకని. ఇప్పుడు మొగుడు మొగుడే, పెండ్లాం పెండ్లామే అయితేనే కదా ఆ కాపలాకు అర్థం. పెండ్లాం ఏడాదికి గది తీసుకొని, బామ్మర్ది అవసరం లేని తాడు పంపితే ఆయన ఏమనుకుంటాడు? నీకు ఆయన వద్దనుకుంటే, పైన తాడు వదిలేది నేనే అనుకోడా?

నేను ఎన్నిసార్లు చెప్పినా వినడు. నీ ఉత్తరం మళ్లీ చదివి వినిపించాను. "నువ్వు సదివిందే గని, ఆమె రాసిందో లేదో నాకేం ఎరుక?" అన్నాడు. నా కళ్లలోకి చూస్తూ అన్నాడు అక్కా. నాకు చచ్చినంత పనయింది.

మొన్న చిన్న గుట్టకు ఒక్కడే వెళ్లాడు. చెట్టుకు కట్టుకొని దిగాడు. పైన ఎవరూ లేరు. తేనె తెచ్చి పెంటలో అందరికీ పంచాడు, నాకూ దోసిట్లో పోశాడు. నాకు మింగుడు పడలేదు.

పరమేష్


అచ్చంపేట,
5 మార్చి.

పరమేష్,

నీ ఉత్తరం చదివాను. ఆఫీసులో అందరి ముందూ కుర్చీలో కూలబడ్డాను. మంచినీళ్లు ఇచ్చారు. ఎవరికి చెప్పుకోను? మా ఆయనకు తాడు పంపాను, అందుకని ఆయన చస్తాడేమో అంటే వీళ్లకు అర్థమవుతుందా?

నాకు నిజంగా తట్టలేదురా. అది ప్రేమతో పంపాను. నేను ఇక్కడ ఉండి ఉండి వీళ్ల లాగే ఆలోచిస్తున్నానేమో. గట్టి తాడుంటే చాలు, మనిషి ఎందుకు అని.

అయినా నీకు బుద్ధి లేదా? ఒంటరిగా వెళ్తుంటే కాళ్లకు అడ్డం పడాలి కదా. తోసినా, తిట్టినా తాడు దగ్గర వెళ్లి కూర్చోవాలి కదా. నీకు కోపం వస్తే ముఖం ముడుచుకొని పోతావు, చిన్నప్పటి నుంచీ అంతే. ఈసారి ఆ పని చేశావంటే నా ముఖం చూడకు.

శివరాత్రికి రాలేకపోవడం నా తప్పు కాదు. ముందు రోజు హైదరాబాద్ రమ్మన్నారు. పది పెంటల పేర్లు చెప్పి, ఏ పెంటలో సభ ఎప్పుడో మాట్లాడుకున్నారు. మన వాళ్ల గురించి మాట్లాడుతున్న గదిలో మన మనిషిని నేనొక్కదాన్నే. లేచి, మా పండుగ ఉంది పోతాను అనడానికి నోరు రాలేదు. అనాల్సింది.

కింద రాసేది బావకు చదివి వినిపించు. ఒక్క అక్షరం మార్చకు.

బావా, ఆ తాడు పారేయి. నీకు బామ్మర్ది ఉన్నాడు. వాడు లేకుండా గుట్ట దిగకు. నేను వస్తాను.

చదివాక ఏమన్నాడో వెంటనే రాయి. బిక్షమ్మ అవ్వకు మోకాళ్ల మందు పంపుతున్నాను.

అక్క


మోదుగపెంట,
13 మార్చి.

అక్కకు,

మందు అందింది. అవ్వ రాసుకుంది.

నువ్వు రాసింది చదివాను. బావ విన్నాడు. "వస్త అన్నది. ఎప్పుడొస్తదో రాసిందా?" అన్నాడు. లేదన్నాను. "మల్ల కాదంటె ఏమైతదో?" అన్నాడు. అదీ లేదన్నాను. "గట్లయితె అది మీ అక్క గొంతు కాదు. ఆమె అడిగినదానికి జవాబు చెప్పకుండ ఉండదు. నా ఇంట్ల ఉన్నప్పుడు ఒక్కనాడు గూడ ఉండలే," అని లేచి వెళ్లిపోయాడు. అంటే నేనే రాసి నేనే చదివానని ఆయన అనుమానం. అంగన్‌వాడీ స్వర్ణ మేడం ఉంటే ఆమెతో చదివించేవాడిని, ఆమె సెలవు మీద ఉంది.

కొలతలవాళ్లు పక్క పెంట దాకా వచ్చారట. ఇరవై రెండో తారీఖు శనివారం మన దగ్గరికి వస్తామని మనిషితో చెప్పి పంపారు. అప్పటి నుంచి పెంటలో ఎవరికీ అన్నం సహించడం లేదు. గుట్ట చూపిస్తే కంచె వేస్తారని కొందరు, చూపించకపోతే మనది కాదంటారని కొందరు. బావ రెండూ విని, "నేనే దిగి చూపెడత. తేనె దింపుతుంటె చూడనీ. అప్పుడు ఎవరిదని అడగరు," అన్నాడు. పెద్ద గుట్ట. ఒక్కడే. నన్ను ఆ చుట్టుపక్కలకు రావద్దన్నాడు. "నువ్వొస్తె నాకు కాళ్లు వణుకుతయి" అన్నాడు. ఆ మాట నన్ను అన్నాడు అక్కా. బావకు నేనంటే భయం.

నువ్వు కాళ్లకు అడ్డం పడమన్నావు. పడ్డాను. దాటుకొని వెళ్లాడు. నన్ను ముఖం ముడుచుకునేవాడిని అన్నావు. సరే. ముడుచుకున్నాను. చౌటుప్పల్ మందుల కంపెనీలో మనుషులు కావాలట, పక్క పెంట పిల్లలు వెళ్తున్నారు. శనివారం నేనూ వెళ్లిపోతాను. నమ్మకం లేని చోట తాడు పట్టుకొని ఏం లాభం?

నీకు రావాలని లేకుంటే తిన్నగా చెప్పు. ఆయనకు కాకపోయినా నాకు చెప్పు.

పరమేష్


అచ్చంపేట,
19 మార్చి.

తమ్ముడా,

ఎక్కడికీ వెళ్లకు. చేతులు జోడిస్తున్నాను, చౌటుప్పల్ వెళ్లకు.

నిన్న ప్రవీణ్ సార్ దగ్గరికి పోయి ఏడ్చేశాను. సార్, శనివారం కొలతలు వద్దు, మా ఆయన ఒంటరిగా పెద్ద గుట్ట దిగుతాడు, అని చెప్పాను. ఎందుకు ఒంటరిగా అని అడిగాడు. మన పద్ధతి మొత్తం చెప్పాను. శ్రద్ధగా విన్నాడు. "సభ పెట్టకముందే కొలతలకు పంపుడు మాదే తొందరపాటు" అని, కొలతలు వాయిదా వేయమని వెంటనే ఫోన్ చేశాడు. వాళ్లు లోపల పెంటల్లో తిరుగుతున్నారు, ఫోను కలవడం లేదు. కాటమయ్య చేతికి సార్ చిట్టీ కూడా ఇస్తున్నాను. వాళ్లు వస్తే చూపించు. శనివారం ఏమీ జరగదు. బావను దిగనివ్వకు.

రావాలని లేదా అని అడిగావు. లేకపోవడం ఏమిట్రా? కానీ ఒక మాట నీకు చెప్తాను. ఇక్కడి నుంచి వచ్చి ఆయన ముందు నిలబడితే ఆ ప్రశ్న అడుగుతాడు. నా దగ్గర జవాబు లేదు. సార్‌ను అడిగితే చెడ్డ జవాబు వస్తుందేమోనని అడగలేదు. రాకుండా తప్పించుకు తిరుగుతున్నది బావ నుంచి కాదు, ఆ ప్రశ్న నుంచి.

ఈ ఉత్తరం అందగానే ఎవరితోనైనా కబురు పంపు. అందాకా నాకు అన్నం దిగదు.

అక్క


మోదుగపెంట,
24 మార్చి.

అక్కకు,

ఈ ఉత్తరం అంగన్‌వాడీ స్వర్ణ రాస్తోంది. మాటలు పరమేష్‌వి. అతని చేతులు బూరెల్లా ఉబ్బి కలం పట్టడానికి రావడం లేదు. మొదట మీకు చెప్పమన్నది ఏమిటంటే, బావ బతికే ఉన్నాడు. ఇక మిగతాది అతను చెప్పినట్టే రాస్తున్నాను.

అక్కా, అడవిలో మంటలు లేచి దారి మూసేశారు. బేస్తవారం జీపు రాలేదు. నీ ఉత్తరం, సార్ చిట్టీ ఈ పొద్దున్నే అందాయి.

శనివారం కొలతలవాళ్లు వచ్చారు. మంచి పిల్లలే. బావ గుట్ట మీద చెట్టుకు తాడు కట్టి, మైసమ్మకు మొక్కి దిగాడు. నేను మూట కట్టుకొని చౌటుప్పల్ దారిన బయలుదేరాను. వాగు దాటాను. ఆ తర్వాత కాళ్లు నడవలేదు. వెనక్కి వచ్చి, బావకు కనబడకుండా పొద చాటున కూర్చున్నాను.

వాళ్లు డ్రోన్ పైకి లేపారు. అది గుయ్యిమంటూ తేనె తుట్టెల ముందుకు వెళ్లింది. ఒక్క క్షణం ఏమీ కాలేదు. తర్వాత గుట్ట గుట్టంతా లేచింది. ఈగలు ఎండను కమ్మేశాయి. కొలతల పిల్లలు సంచులు తలమీద కప్పుకొని పరుగు, మన వాళ్లూ పరుగు. బిక్షమ్మ అవ్వ "ఇండ్లు, ఇండ్లు" అని అరుస్తూ పెంట దిక్కు పోయింది. ఆమెకు ఎప్పుడు ఏ కేక విన్నా అదే గుర్తు. గుట్ట మీద ఎవరూ మిగల్లేదు.

నేను తాడు దగ్గరికి పోయాను. ఎట్లా పోయానో తెలియదు. తాడు బండ అంచున రాసుకుంటోంది, నార పోగులు లేస్తున్నాయి. కింద బరువు ఊగుతోంది. పట్టుకొని అంచు నుంచి పక్కకు జరిపాను. ఈగలు చేతుల మీద, మెడ మీద, కనురెప్పల మీద. "బావా!" అని అరిచాను.

తాడు ఒక్కసారిగా వదులైపోయింది. బరువు లేదు. అక్కా, ఆ క్షణం నేను చెప్పలేను. పడిపోయాడనుకున్నాను.

కింద నుంచి గొంతు వచ్చింది. "తాడు ముట్టకు!" నా గొంతు వినగానే తాడు విడిచి, బండ మీద చారెడు అంచు పట్టుకొని నిలబడ్డాడు. నేను పట్టుకున్న తాడు కన్నా ఆ అంచే మేలనుకున్నాడు. ఈగలు ఆయన్నీ కుడుతున్నాయి. ఎంతసేపు నిలుస్తాడు?

"బావా, తాడు పట్టు! నేనే!" అన్నాను.

"నువ్వని ఎరుకే," అన్నాడు. కాసేపటికి, "మీ అక్క నాకు పెండ్లామేనా? అబద్ధం చెప్పకు," అని అడిగాడు.

నాకు తెలియదు అక్కా. అప్పటికి నీ ఉత్తరం ఇంకా రాలేదు. వస్తాను అన్నావు కానీ ఎప్పుడో చెప్పలేదు. అయినా, "పెండ్లామే బావా! బేస్తారం జీపుల వస్తది. రాకుంటె నన్ను ఈ గుట్ట మీదికెల్లే నూకు!" అన్నాను.

తాడు బిగిసింది. బరువు నా చేతుల్లోకి వచ్చింది.

పైకి వచ్చాక బావ ముఖం గుర్తుపట్టేటట్టు లేదు. నన్ను ఈడ్చుకొని వాగులో కూర్చోబెట్టి, నా చేతుల్లోని ఈగల ముండ్లు గోటితో ఒక్కొక్కటీ తీశాడు. నిన్న సాయంత్రం పెంట అందరూ కూర్చున్నప్పుడు చెప్పాడు. "నాగరాణి వస్తది. ఆమె ఏం చెప్తె అదే. ఏలుముద్ర పెట్టమంటె పెడదాం, వద్దంటె వద్దు. నేను ఆమె మాట మీద తాడు పట్టిన." బిక్షమ్మ అవ్వ కూడా సరేనంది. అవ్వ ఒప్పుకుంటుందని నేను కలలో కూడా అనుకోలేదు.

నీ తరఫున మాట ఇచ్చేశాను. నిన్ను అడగకుండా ఇచ్చాను. రాకపోతే ఏం చేయాలో నాకు తెలియదు.

పరమేష్ (వేలిముద్ర కూడా పెట్టలేకపోయాడు. స్వర్ణ)


అచ్చంపేట,
25 మార్చి.

బావకు,

ఈ ఉత్తరం నీకు రాస్తున్నాను, పరమేష్‌కు కాదు. స్వర్ణ ఈ రోజు మీటింగుకు అచ్చంపేట వచ్చి పరమేష్ ఉత్తరం ఇచ్చింది. సాయంత్రం తిరిగి వస్తోంది. ఆమే నీకు చదివి వినిపిస్తుంది. ఆమె అటూ కాదు ఇటూ కాదు కాబట్టి నమ్ము.

స్వర్ణ చెప్పేదాకా నువ్వు ఎట్లా ఉన్నావో అడగడానికి కూడా నాకు నోరు రాలేదు. కన్ను తెరవగలుగుతున్నావని చెప్పింది. అమృతమ్మ గదిలో తలుపు వేసుకొని గట్టిగా ఏడ్చాను. తర్వాత ముఖం కడుక్కొని ఆఫీసుకు వెళ్లి, ఇన్నాళ్లూ అడగకుండా దాటేసింది అడిగాను.

సార్ గదిలో ఇంకా ఇద్దరు అధికారులు ఉన్నారు. వాళ్ల ముందే అడిగాను. "సార్, మా పెంట సభ కాదంటే ఏమవుతుంది?" నా గొంతు నాకే వినబడలేదు, మళ్లీ అడిగాను. ఆ ఇద్దరూ ఫైళ్లలోకి చూశారు. సార్ కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు. "కాదంటె ఆగాలె, నాగరాణి. నేనున్నదాక నేను ఆపుత. నా పైవాళ్ల కాడ ఆగుతదా అంటె, నాకు తెల్వదు," అన్నాడు.

ఆ మాటే వచ్చి సభలో చెప్తారా అన్నాను. పక్కనున్న అధికారి నన్ను చూసిన చూపు నేను మరిచిపోను. సార్ మాత్రం ఆలోచించి చెప్తానన్నాడు. సాయంత్రం అవుతోంది, ఇంకా చెప్పలేదు.

బావా, ఇన్నాళ్లూ నువ్వు నన్ను నమ్మడం లేదని భయపడ్డాను. గుట్ట మీద ఒక్కడివే ఉంటావని, తాడు తెగుతుందని, ఈ ఉద్యోగం నిన్ను మింగుతుందని భయపడ్డాను. ఇప్పుడు నా మాట మీద పెంటంతా వేలిముద్ర పెడుతుందని చెప్పి పంపావు. ఇప్పటి భయం ముందు అది ఏపాటి? వెనుకట బిక్షమ్మ అవ్వను చాయ్‌కి పిలిచిన మనిషి కూడా మన భాష మాట్లాడేవాడేనట. అవ్వ ఆయన్నీ నమ్మింది.

కాబట్టి నేను వేలిముద్ర పెట్టమని చెప్పను. నేను వచ్చిన మరునాడు, శుక్రవారం, సభలో నిలబడి, నాకు తెలిసింది తెలిసినట్టు చెప్తాను. తెలియనిది తెలియదని చెప్తాను. సార్ వస్తే ఆయన చెప్పాల్సింది ఆయన నోటితోనే చెప్పిస్తాను. రాకపోతే, రాలేదని కూడా నేనే చెప్తాను. అంతా విన్నాక మీరు ఔనంటే ఔను. కాదంటే, ఆ కాదన్నది నా చేత్తో రాసి, అందరికన్నా ముందు నేనే సంతకం పెట్టి తీసుకెళ్లి ఇస్తాను. ఆ తర్వాత నన్ను ఇక్కడ ఉంచుతారో పంపుతారో తెలియదు.

పరమేష్ అబద్ధం చెప్పలేదు. బేస్తవారం జీపులో వస్తున్నాను. రోడ్డు దాకా రావద్దు, ఆ ముఖంతో ఎండలో నడవకు.

నీ పెండ్లాం,
నాగరాణి